వరమ్మగారి బెల్లం తూకం

గంగాభవాని ఆ ఉదయానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారు ఏలూరు నుంచి వచ్చేలోపల కూతురి చేత నాలుగు ముద్దలు తినిపించాలి. అంతకన్న ఆమె దేవుణ్ణి ఏమీ కోరుకోలేదు. అందుకోసం చీకటితోనే లేచి, అన్నం వార్చి, ముద్దపప్పు వండి, అప్పుడే కాచిన నెయ్యి వేసి మెత్తగా కలిపి, గిన్నె పట్టుకుని పెరట్లోకి వచ్చింది. బారెడు పొద్దెక్కేసరికి పిల్ల నోట్లోకి ఒక్క మెతుకు వెళ్ళలేదు. చూపించడానికి పిలిచిన కాకులు మాత్రం నాలుగేం ఖర్మ, నలభై ముద్దలు తిని, ఎగరలేక గోడమీద కూర్చున్నాయి.

పిల్లకి నాలుగేళ్ళు. పేరు వరమ్మ. అది అత్తగారి తల్లి పేరు. ఆ పేరుకి 'ఒసే' తగిలించి పిలిచే ధైర్యం లేక గంగాభవాని మొదటి రోజునుంచీ "వరమ్మగారూ" అనే పిలిచేది. తల్లి అంత మర్యాదగా పిలిచాక ఊళ్ళోవాళ్ళకి వేరే పిలుపు ఏముంటుంది? వరమ్మగారు కూడా ఆ మర్యాదకి తగ్గట్టే ఉండేది. ముద్ద దగ్గరికి రాగానే పెదవులు బిగించి, తల పక్కకి తిప్పి, దూరంగా దేన్నో చూసేది. ఎవరు పలకరించినా, ఆఖరికి నీ పేరేమిటమ్మా అని అడిగినా, ఆవిడ మొదట చెప్పే మాట ఒకటే. "అన్నం వద్దు."

గణపవరం దాటాక కొల్లేటి వైపు ఉన్న ఆ ఊళ్ళో పిల్లల్ని కన్న ప్రతి ఇల్లాలూ గంగాభవానికి సలహా చెప్పింది. కననివాళ్ళు ఇంకా వివరంగా చెప్పారు. పక్కింటి వెంకటనరసమ్మ దిష్టి అంది, తర్వాత నులిపురుగులంది, ఆ తర్వాత తల్లి చేతిలో కళ లేదంది. తాడేపల్లిగూడెం డాక్టరు టానిక్కు సీసా రాసిచ్చాడు. దాన్ని పిల్ల ఉమ్మేసింది. పారబొయ్యడానికి మనసొప్పక పిల్ల తండ్రి జోగారావు పూటకింత తాగాడు, ఆయన ఆకలి రెట్టింపైంది. పిల్ల తిన్నదా అని అడిగినవాళ్ళే గాని, తల్లి తిన్నదా అని అడిగినవాళ్ళు ఆ ఊళ్ళో ఒక్కరూ లేరు.

ఇదంతా ఎలాగో పడేదే గాని, గంగాభవాని గుండెల్లో రాయి వేరే ఉంది. రెండేళ్ళ కిందట వరమ్మకి తట్టు పోస్తే అత్తగారు జ్ఞానప్రసూనాంబ అమ్మవారికి మొక్కుకుంది. పిల్లకి అయిదేళ్ళు వచ్చేదాకా ఏటా పిల్ల ఎత్తు బెల్లం తూచి ఊరికి పంచుతానని మొక్కు. పోయినేడు తూచితే ఎనిమిది వీశెలు వచ్చింది. ఆవిడ ఆ పుల్లల్లాంటి చేతులు చూసి, వాకిట్లో పదిమందీ ఉండగా అనేసింది.

"వచ్చే ఏటికి దీని తూకం పెరక్కపోతే నాతో ఏలూరు తీసుకుపోతాను. పిల్లకి ఎలా తినిపించాలో నేను చూపిస్తాను."

జ్ఞానప్రసూనాంబ అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆ వంశంలో ఎవరూ చూడలేదు. అప్పటినుంచి గంగాభవానికి కూతురి పక్కన పడుకున్నా నిద్ర పట్టేది కాదు. పిల్ల వీపుమీద చెయ్యి వేసి, ఎముకలు తడుముకుంటూ, ఈ పక్క ఖాళీ అయిపోతే తను ఏమైపోవాలి అనుకునేది. ఆ ఏడాది ఇవాళ్టితో నిండింది.

గిన్నెలో మిగిలింది కూడా కాకులకే విసిరేసి, ఆమె పెరటి వెనక కాలవకి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళింది. గట్టుమీద అంకయ్య విసురువల ముందేసుకుని అంచుకి సీసం గుళ్ళు కడుతున్నాడు. కొల్లేటి మీద చేపలు పట్టి వాళ్ళింటికి తెచ్చిచ్చేది అతనే. ఒక గుండు జారి పడితే తడి మట్టిలో సగం దిగబడింది. గంగాభవాని దాన్నే చూస్తూ నిలబడింది.

"చిన్నగా ఉన్నా బరువేనా అంకయ్యా?"

"ఆయ్, సీసం కదండి. వలని బుడుంగున అడుక్కి లాగేద్దండి."

"కాసిని ఇస్తావా? సాయంత్రం ఇచ్చేస్తాను. పిల్ల ఆడుకుంటానంటోంది."

"కొంగు పట్టండమ్మగారూ" అని అతను రెండు దోసిళ్ళు పోశాడు. మారుమాట అడిగే మనిషి కాడు.

అరగంటలో పిల్ల పట్టు పరికిణీ అంచు విప్పడం, మడతలో గుళ్ళు పేర్చడం, మళ్ళీ కుట్టడం అయిపోయింది. గంగాభవాని పుట్టి బుద్ధెరిగి ఎవర్నీ మోసం చెయ్యలేదు. అందుకే కుట్టు చాలా దగ్గరదగ్గరగా, శ్రద్ధగా పడింది. పరికిణీ కట్టుకుని వరమ్మగారు రెండడుగులు వేసి ఆగింది, ఇంకో అడుగు వేసి మళ్ళీ ఆగింది. చూడ్డానికి అది ఊరేగింపులా ఉంది.

అదే సమయానికి జోగారావు ఎక్కడున్నాడో ఆమెకి తర్వాతగాని తెలియలేదు. ఆయన బెల్లం కొట్టు ముత్యాలరావు దగ్గర, గోనెబస్తాల చాటున నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాడు. బెల్లమూ కాటా రెండూ ముత్యాలరావువే.

"తప్పుగా అనుకోకండి ముత్యాలరావుగారూ. కాటా తట్ట కింద చింతపండు అంటిస్తే తూకం మొగ్గుతుందని విన్నాను..."

"ఎవరండీ ఆ మాటన్నది? మా నాన్నగారి రోజులనుంచి ఈ కాటాకి చింతపండు వాసనే తెలీదండి."

"మీరు చేస్తారని కాదండీ. పిల్ల కూర్చునే తట్ట కింద, ఇవాళ ఒక్కపూటకి. మా అమ్మ పిల్లని తీసుకుపోతానంటోంది. భవాని బతకదండి."

ముత్యాలరావు కాసేపు గడ్డం గోక్కున్నాడు. అతనికీ ఆడపిల్లలున్నారు. "కొత్త చింతపండు పట్టు నిలవదండి" అన్నాడు చివరికి. "పాతదైతే నిలుస్తుంది. లోపల ఓ ఇనపముక్క కూడా పెడదాం. మీరు కంగారు పడకండి."

పది దాటాక ఒంటెద్దు బండి వాకిట్లో ఆగింది. జ్ఞానప్రసూనాంబ ఏలూరులో రైలెక్కి తాడేపల్లిగూడెంలో దిగి, గణపవరం దాకా బస్సులో వచ్చి, అక్కడ బండి కట్టించుకుంది. అంత ప్రయాణం చేసినా చీర మడత నలగలేదు. బండి దిగకముందే మనవరాలిని చూసి "చిక్కిపోయింది" అంది.

"అన్నం వద్దు" అంది మనవరాలు.

ఆవిడ సంచిలోంచి పసుపు గుడ్డ మూట తీసింది. అందులో ఒక జత లావుపాటి వెండి కడియాలు ఉన్నాయి. "మా అమ్మ పేరు పెట్టుకున్న పిల్ల. బోసికాళ్ళతో తూకానికి కూర్చోకూడదు" అని తనే పిల్ల కాళ్ళకి తొడిగింది. అత్తగారు తెలియకుండానే తనకి సాయం చేస్తోందని గంగాభవాని లోలోపల మురిసిపోయింది. వరమ్మగారు ఇప్పుడు అడుగు వెయ్యడం పూర్తిగా మానేసింది.

"పిల్ల నడవడం లేదేం?" అంది అత్తగారు.

"పరికిణీ కొత్తదండీ అత్తయ్యగారూ. నలుగుతుందని" అంది కోడలు.

సావిడి దూలానికి కాటా వేలాడదీశారు. ఊరు సగం వచ్చి కూర్చుంది. ముత్యాలరావు పిల్లని ఎత్తి తట్టలో కూర్చోబెడుతూ ఒక్క మూలుగు మూలిగాడు గాని పైకేమీ అనలేదు. రెండో తట్టలో పోయినేటి లెక్క ప్రకారం ఎనిమిది వీశెల బెల్లం పెట్టాడు. కాటా కదలలేదు.

"పెరిగింది" అన్నారు ఎవరో. గంగాభవాని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. తొమ్మిదో వీశె పెట్టారు. జోగారావు మీసం సర్దుకున్నాడు. పదో వీశె పెట్టారు. కాటా కదలలేదు. పదకొండో వీశెకి గంగాభవానికి చెమట పట్టింది. పన్నెండు పెట్టాక ముత్యాలరావు తెచ్చిన బెల్లం అయిపోయింది. వరమ్మగారి తట్ట మాత్రం నేలకి జానెడు ఎత్తున నిబ్బరంగా నిలిచే ఉంది.

అప్పుడు వెంకటనరసమ్మ మెల్లిగా లేచి, నడుముకి కొంగు బిగించింది.

"అది పిల్ల బరువు కాదర్రా. తల్లి వచ్చి కూర్చుంది."

ఆడవాళ్ళందరూ ఒక్కసారి లేచి దణ్ణాలు పెట్టారు. ఆ జనంలో అది అమ్మవారు కాదని చెప్పగలిగినవాళ్ళు ముగ్గురికి తక్కువ లేరు. కాని చెప్పాలంటే ముందు తాము చేసింది చెప్పాలి. పైగా ఎవరి లెక్క వాళ్ళకి చాలడం లేదు. తను కుట్టిన గుళ్ళు మహా అయితే వీశెడు ఉంటాయి, మిగతా మూడు ఎక్కణ్ణుంచి వచ్చాయని గంగాభవాని ఆలోచించింది. చింతపండుముద్ద వీశెడు, మిగతా మూడు ఎక్కణ్ణుంచి వచ్చాయని జోగారావు ఆలోచించాడు. అమ్మవారి తూకంలో మోసం చేస్తే ఆవిడ ఊరుకుంటుందా? గంగాభవాని చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. ముత్యాలరావు అప్పటికే లెంపలేసుకుంటున్నాడు. జ్ఞానప్రసూనాంబ ముఖం కూడా తెల్లగా పాలిపోయింది. అది భక్తి అనుకున్నారు చూసినవాళ్ళు.

వెంకటనరసమ్మ పిల్ల ముందు మోకాళ్ళమీద కూర్చుంది. "ఏం కావాలి తల్లీ?"

"అన్నం వద్దు."

జనం గుసగుసలాడారు. తల్లికి కోపం వచ్చింది, నైవేద్యం తిరగ్గొడుతోంది అన్నారు.

"పరమాన్నం చేయించమంటావా తల్లీ?"

"వద్దు."

"గారెలు?"

"వద్దు."

"పోనీ, వేటపోతు?"

వరమ్మగారు ఆ పదార్థం పేరు ఎప్పుడూ వినలేదు. ఒక్క క్షణం ఆలోచించి, "ఉమ్మేస్తా" అంది.

ఊరు బిక్కచచ్చిపోయింది. ఇది కలరాకేనని ఒకరు, కొల్లేరు పొంగుతుందని ఒకరు అన్నారు. "పసుపునీళ్ళు" అని అరిచింది వెంకటనరసమ్మ. ఎవరో బిందె అందించారు. తల్లిని చల్లబరచడానికి ఆవిడ బిందెడు నీళ్ళూ తట్టమీద గుమ్మరించింది.

ఎంత పాతదైనా చింతపండు చింతపండే. నీళ్ళు తగలగానే ముద్ద మెత్తబడి, ఇనపముక్కతో సహా ఊడి, నేలమీద ఠంగుమని పడింది. తట్ట ఒక్క ఊపుతో పైకి లేచింది. గంగాభవాని కెవ్వుమని పిల్లని పట్టుకుని ఎత్తబోయింది. తడిసిన పరికిణీ అసలే బరువు, పైగా బొందు లాగి కట్టింది. అది పుటుక్కుమంది. పిల్ల లోపలి గౌనుతో చేతుల్లోకి వచ్చేసింది, పరికిణీ తట్ట అంచుకి కొట్టుకుని కింద పడింది. ఆమె ఎంత శ్రద్ధగా కుట్టినా దారం పాతది. గుళ్ళు సావిడంతా దొర్లాయి.

గుమ్మం దగ్గర నిలబడ్డ అంకయ్య కాలిదగ్గరికి వచ్చిన గుండుని తీసి చూసుకున్నాడు. "ఇయ్యి నా గుళ్ళేనండి" అన్నాడు సంతోషంగా. "పొద్దున అమ్మగారు పుచ్చుకున్నారండి. పిల్ల ఆడుకుంటాదని."

గంగాభవాని పిల్లని కిందికి దించి, తలెత్తకుండా నిలబడింది. జ్ఞానప్రసూనాంబ ముందు చింతపండుముద్దనీ, తర్వాత గుళ్ళనీ, ఆ తర్వాత కొడుకునీ చూసింది. ముత్యాలరావు తన కాటా వెనక నక్కాడు.

"ఇది ఎవరి పని?"

"నాదేనమ్మా" అన్నాడు జోగారావు.

"మరి అవి?"

"నావండీ" అంది గంగాభవాని. తెల్లబోయి మొగుడూ పెళ్ళాలు ఒకరినొకరు చూసుకున్నారు.

"అమ్మవారి మొక్కులో మోసమా? నాలుగేళ్ళ పిల్లకి వల గుళ్ళు కడతారా? మీకు సిగ్గుందా?" ఆవిడ గొంతు వీధి చివరిదాకా వినబడింది. వినబడాలనే ఆవిడ అలా అన్నట్టుంది. "చాలు, చూసింది చాలు. పిల్ల బట్టలు సర్దండి. ఏదీ పిల్ల?"

పిల్ల లేదు. పిల్లని దించినచోట రెండు వెండి కడియాలు మాత్రం పక్కపక్కన పడి ఉన్నాయి. ఆ సన్నటి కాళ్ళలోంచి అవి జారిపోవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

మొదట సావిడి వెతికారు, తర్వాత ఇల్లు, గడ్డిమేటు, గేదెల పాక. "కాలవ" అన్నారు ఎవరో. ఆ మాట వినగానే గంగాభవాని, వెతుకుతూ చేతిలోకి తీసుకున్న కడియాల సంగతి కూడా మరిచి, పెరటి దారిన పరిగెత్తింది. తినకపోతే పోయింది, ఏలూరు పోతే పోయింది, ఎక్కడో ఒకచోట బతికుంటే చాలు అనుకుంటూ పరిగెత్తింది. వెనకనుంచి అత్తగారు, ఆ వయసులో, ఆ చీరతో, ఆమెకంటే ఒక్క అడుగు మాత్రమే వెనకబడి వస్తోంది.

కాలవ గట్టున అంకయ్య గుడిసె ముందు బోర్లించిన పడవ నీడలో పిల్లలు వరసగా కూర్చున్నారు. ప్రతివాళ్ళ ముందూ ఒక ఆకు ఉంది. అంకయ్య భార్య దుర్గమ్మ ఒక పక్క చద్దన్నం కుండ, ఇంకో పక్క బొమ్మిడాయల పులుసు చట్టి పెట్టుకుని, పక్కింటామెతో ఏదో తగువు చెప్పుకుంటూ, అటు తిరిగే ఆకుల్లో వడ్డిస్తోంది. ఆ వరస చివర, తడిగౌనుతో, మోచేతిదాకా పులుసు కార్చుకుంటూ వరమ్మగారు కూర్చుని ఉంది.

తింటోంది. ఎవరూ కలిపి పెట్టకుండా, అయిదు వేళ్ళతో తీసి, తన నోట్లో తనే పెట్టుకుంటోంది. పక్కపిల్ల ఆకులో అన్నం అయిపోతే ముందుకి తోసింది. అది చూసి వరమ్మగారు కూడా ఆకు ముందుకి తోసింది. దుర్గమ్మ చూడకుండానే ఇంకో ముద్ద వేసి, తన తగువులో తనుంది. గట్టుమీద కాకులున్నాయి. వాటిని ఎవరూ ఎవరికీ చూపించడం లేదు.

గంగాభవాని నోరు తెరిచింది. పిలుపు బయటికి రాకముందే అత్తగారి చెయ్యి ఆమె నోటికి అడ్డంగా పడింది.

"పిలవకు" అంది జ్ఞానప్రసూనాంబ రొప్పుతూ. "పిలిస్తే ఆపేస్తుంది."

ఇద్దరూ రేవు మెట్టుమీద కూలబడి, పులుసు అడుగంటేదాకా అలాగే చూశారు. గంగాభవాని కళ్ళనీళ్ళు తుడుచుకోబోతే కడియం ముక్కుకి తగిలింది. అప్పుడుగాని ఆమెకి దాని బరువు తెలియలేదు.

"ఇవి లోపల బోలుగా ఉంటాయి కదండీ అత్తయ్యగారూ? ఇంత బరువేమిటండీ?"

జ్ఞానప్రసూనాంబ కాలవకేసి చూసింది. "బోలువే. ఏలూరులో కంసాలి చేత సీసం పోయించాను."

కోడలు కడియాన్ని తిప్పి చూసింది.

"పోయినేడు నోరు జారాను" అంది ఆవిడ. "అంతమందిలో అన్న మాట వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు. తూకం పెరిగితే చాలు, తీసుకెళ్ళక్కర్లేదు గదా అనుకున్నాను. మీ ఆయన ఆరేళ్ళదాకా ఇంతేనే అమ్మాయ్. మా అత్తగారు, బిడ్డకి తిండి పెట్టడం రాని కోడలు అని వాకిట్లో నిలబెట్టి అందరికీ చెప్పేది. నేను పాకలో గేదె పక్కన కూర్చుని ఏడ్చేదాన్ని. ఆ మాట మళ్ళీ నా నోటే ఎలా వచ్చిందో, ఏడాదినుంచీ అదే నన్ను తినేస్తోంది."

గంగాభవాని ఆవిడ చేతిమీద చెయ్యి వేసింది. అప్పుడే దుర్గమ్మ ఇటు తిరిగి, వాళ్ళని చూసి, వరసలో చివరి పిల్లని చూసి గతుక్కుమంది.

"చూళ్ళేదండి అమ్మగారూ. మా ఆడపడుచు పిల్లలు కూడా వచ్చారండి. ఆకు పట్టుకున్న ప్రతివాళ్ళకీ పెట్టేత్తన్నానండి."

"రేపు కూడా చూడకు" అంది జ్ఞానప్రసూనాంబ.

సావిట్లో మళ్ళీ తూకం జరిగింది. ఈసారి ముత్యాలరావు తట్ట తిరగేసి, అడుగు తుడిచి, వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. పిల్ల ఒంటిమీద పొడి గౌను తప్ప ఏమీ లేదు. ఎనిమిది వీశెలు పెట్టాడు, చాలలేదు. ఇంకో అచ్చు పెట్టాడు, ముల్లు నిలబడింది. తొమ్మిది వీశెలకి రవంత తక్కువ.

"పెరిగిందండి" అన్నాడు ముత్యాలరావు. "ఇందులో పులుసు ఎంతో మటుకు నేను చెప్పలేను."

ఆ గడిచిన ఏడాదంతా వరమ్మగారు తన దారిన తను పెరుగుతూనే ఉంది. ఆ సంగతి తెలియక ఇంటిల్లిపాదీ సీసం, చింతపండు మోశారు. మొక్కు ప్రకారం తూగిన బెల్లంతోబాటు మిగతాది కూడా ఊరికి పంచేశారు. వెంకటనరసమ్మ రెండు పాళ్ళు పట్టుకుపోతూ, తల్లి రావడమూ నిజమే, పసుపునీళ్ళతో దిగిపోవడమూ నిజమే అని దారిపొడుగునా చెప్పింది.

మధ్యాహ్నం భోజనాలకి కూర్చున్నప్పుడు వరమ్మగారి పీట గోడవైపు వేసి, అందరూ అటు వీపు పెట్టి కూర్చోవాలని జ్ఞానప్రసూనాంబ శాసించింది. అందరూ అలాగే కూర్చున్నారు. కాసేపటికి ఆవిడ కోడలి విస్తరి చూసింది. అందులో వడ్డించింది వడ్డించినట్టే ఉంది.

"నువ్వు పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా?"

ఈ ప్రశ్న గంగాభవాని పెళ్ళై వచ్చాక ఆ ఇంట్లో ఎప్పుడూ వినలేదు. పొద్దుటినుంచీ చెవిలో మోగుతున్న మాటే నోట్లోంచి వచ్చింది. "అన్నం వద్దండీ."

"అదేం కుదరదు" అని అత్తగారు తన విస్తట్లోనే ముద్దపప్పు కలిపి, ముద్ద చేసి, కోడలి నోటి ముందు పెట్టింది. కోడలు సిగ్గుతో పెదవులు బిగించి తల పక్కకి తిప్పింది.

వెనక గోడ దగ్గరనుంచి, నోటినిండా అన్నంతో, ఒక గొంతు వినబడింది. "కాకిని చూపించు నాన్నమ్మా. తింటుంది."

ఊళ్ళో అంతవరకూ సలహా చెప్పనివాళ్ళు వరమ్మగారు ఒక్కర్తే.